పైపుల ఐజాక్ చేసిన ప్రార్థన

బుక్కరాయసముద్రంలో మా సంఘంలో ఆదివారం పొద్దున పాటలు అయిపోయి, ప్రసంగం మొదలుకాక ముందు ఒక ఐదు నిమిషాలు ఉంటాయి. పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. అందరూ ఐజాక్ వైపు తిరుగుతారు. ఐజాక్ మాత్రం తనకేమీ తెలియనట్టు కాసేపు పైన తిరిగే ఫ్యానును చూసి, గొంతు సవరించుకుని లేస్తాడు.

మిగతావాళ్లు జబ్బు నయమైందనీ, పిల్ల పరీక్ష పాసైందనీ చెబుతారు. ఐజాక్ చెప్పేది బస్సుల గురించి, లాడ్జీల గురించి, టీ అంగళ్ల గురించి.

"సోమవారం కిటికీ సీటు కావాలని ప్రార్థన చేసినా. దొరికింది. బత్తలపల్లి దాటినాక వాన. కిటికీ అద్దం మూసుకోదు. ముదిగుబ్బ దాకా తడిసినా. ప్రభువా, ఇదేం న్యాయమని అడుగుదామనుకుంటా బయటికి చూస్తే, శెనక్కాయ చేన్లో ఒక రైతు గొడుగు లేకుండా నిలబడి నవ్వుతాండాడు. ఇంకేమడుగుతాను? నోరు మూసుకోని తడిసినా."

ఇంకో వారం ఒక లాడ్జీ గురించి చెప్పాడు. "మంచం చూపించినందుకు స్తోత్రం చెప్పి పడుకున్నా. నాకంటే ముందే ఆ పరుపులో నల్లులు కుటుంబాలతో సహా దిగి ఉండాయి. పాతవాళ్లు వాళ్లు, కొత్తవాణ్ణి నేను. తెల్లారేదాకా కుర్చీలో కూర్చున్నా."

ఆయనకు యాభై రెండేళ్లు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. తెల్ల చొక్కా తప్ప వేసుకోడు. డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీలో ఇరవై మూడేళ్లుగా పనిచేస్తున్నాడు. ముదిగుబ్బ నుంచి తనకల్లు దాకా చీనీ, అంటే బత్తాయి, తోటలున్న ప్రతి ఊరూ ఆయనకు తెలుసు. పైపు ఎక్కడ పూడుకుపోయిందో, ఏ చెట్టుకు నీళ్లు అందడం లేదో వంగి చూసి చెబుతాడు. కంపెనీ మోటారుసైకిలు ఇచ్చింది గానీ, రెండుసార్లు పడ్డాక ఆయన భార్య కృపాకుమారి తాళాలు తీసి బీరువాలో దాచేసింది. "ఆయప్పకు బండి తోలను వచ్చు, నిలపను రాదు" అని ఆమె అంటుంది. అంగన్‌వాడీలో పాతికమంది పిల్లల్ని అదుపులో పెట్టే మనిషి. ఆమె మాటకు ఇంట్లో అప్పీలు లేదు. అందుకని ఐజాక్ వారానికి నాలుగు రోజులు బస్సుల్లోనే ఉంటాడు.

నేను తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. సంఘంలో మూడు నిమిషాల్లో చెప్పేదాన్ని ఐజాక్ మా అరుగు మీద గంటసేపు చెబుతాడు. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆయన నోట విన్నదీ, కొంత నేను వెంట వెళ్లి చూసిందీ.

ఒకసారి కంపెనీవాళ్లు ఆయన్ని విమానంలో పుణెకు పిలిపించారు. బాగా అమ్మినవాళ్లకు సన్మానమట. బెంగళూరులో విమానం ఎక్కే ముందు, కృపాకుమారి కట్టిచ్చిన మామిడికాయ ఊరగాయ సీసాను తనిఖీలో తీసేసుకున్నారు. "సొంతానికి తినను పనికొస్తాది, పారేయద్దండి" అని తనిఖీ చేసిన అమ్మాయికి చెప్పి వచ్చాడట. విమానం నేలను వదిలేటప్పుడు కళ్లు మూసుకుని గట్టిగానే ప్రార్థన మొదలుపెట్టాడు. పక్క సీటులో సూటు వేసుకున్న పెద్దమనిషి, ఏ భాషవాడో ఏమో, ఐజాక్ చెయ్యి పట్టుకుని మేఘాలు దాటిందాకా వదల్లేదట. "ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెల్దు. ఆమెన్ మాత్రం ఇద్దరమూ ఒకేసారి చెప్పినాము."

హోటల్లో స్నానాల గదిలో మనిషి పడుకునేంత తొట్టి ఉంది. ఐజాక్ దాని ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాడు. ఆ తొట్టి నిండా నీళ్లంటే ఎండాకాలంలో ఒక చీనీ చెట్టు రెండు రోజులు తాగే నీళ్లు. కిందికి ఫోను చేసి బకెట్టూ చెంబూ అడిగాడు. వాళ్లు పూలు పెట్టుకునే గాజు కూజా ఒకటి పంపించారు. మూడు రోజులూ దానితోనే స్నానం చేసి, సన్మానపు శాలువా కప్పుకుని తిరిగొచ్చాడు.

ఇలాంటివి చెప్పి అందరినీ నవ్వించే మనిషి నవ్వించకుండా కూర్చున్న ఆదివారం ఒకటి ఉంది. దాని వెనక ఉన్న సంగతే నేను చెప్పాలనుకున్నది.

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో ఐజాక్ నల్లమాడ వైపు ఒక తోట చూడడానికి బయలుదేరాడు. ఊరి మలుపు దగ్గర బస్సు దిగాడు. తెల్ల చొక్కా, భుజాన సంచి, చేతిలో జిప్పు వేసిన నల్ల అట్ట బైబిలు. ప్రయాణంలో చదువుకోవడానికి అది ఎప్పుడూ ఆయన చేతిలో ఉంటుంది. మలుపులో ముప్పై ఏళ్లవాడొకడు మోటారుసైకిలు మీద ఎదురుచూస్తున్నాడు.

"అయ్యగారూ, మీకోసమే చూస్తాండా. ఎక్కండి, పొద్దు పోతాండాది" అన్నాడు.

రైతులు ఐజాక్‌ను సారూ అంటారు, అన్నా అంటారు. అయ్యగారూ అన్నవాళ్లు లేరు. తోట ఆసామి మర్యాద తెలిసిన మనిషిలా ఉన్నాడని సంతోషపడి ఎక్కాడు. బండి తోట దారి వదిలి ఇంకో పల్లె వైపు తిరిగింది. గుట్ట కింద ఎండిన చేను, చేను మధ్యలో బోరు వేసే పెద్ద లారీ, దాని చుట్టూ పదిమంది. బండి ఆగగానే ఒక ముసలామె ఎదురొచ్చి తల వంచి, "వందనాలు అయ్యగారూ" అంది.

అప్పుడు ఐజాక్‌కు సంగతి అర్థమైంది. బండి తోలినవాడు జోయల్. ముసలామె వాళ్ల అమ్మ తిమ్మక్క. ఆ పల్లెలో నాలుగైదు క్రైస్తవ కుటుంబాలున్నాయి. వాళ్ల సంఘానికి కొత్తగా పాస్టరు వచ్చాడు, ఆయన్ని ఇంకా ఎవరూ చూడలేదు. బోరు వేసే ముందు ప్రార్థన చేయడానికి ఆ పొద్దున బస్సుకు వస్తానన్నాడు. ఆ బస్సుకే ఐజాక్ దిగాడు.

"అమ్మా, నేను పాస్టరును కాదు. డ్రిప్పు పైపులు అమ్మేవాణ్ణి" అన్నాడు ఐజాక్.

 జోయల్ వెంటనే అసలు పాస్టరుకు ఫోను చేశాడు. ఆయనకు పొద్దున బస్సు తప్పిపోయింది, సాయంత్రానికి గానీ రాలేడు. బోరు లారీ డ్రైవరు తమిళంలో ఏదో కసురుతున్నాడు. మధ్యాహ్నానికి ఇంకో ఊళ్లో పని ఒప్పుకున్నాడట, ఆగేది లేదన్నాడు.

తిమ్మక్క ఐజాక్‌ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. "పైపులాయనైతే ఏమప్పా? ప్రార్థన చేయను వస్తాదా, రాదా?"

"వస్తాదమ్మా."

"అయితే చెయ్."

ఐజాక్ చెప్పులు విడిచాడు. అందరూ తలలు వంచారు. ఆయన చేసిన ప్రార్థన ఆ పల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ప్రభువా, నీకు తెలియంది ఏముండాది? ఈడ నీళ్లు పడితే రేపు పైపులు అమ్మేది నేనే. ఈ ప్రార్థనలో నా స్వార్థం కొంచెం కలిసింది. దాన్ని నువ్వు వడకట్టి పక్కన పెట్టి, ఈ తల్లి కోసం, ఈ బిడ్డ కోసం వినుకో. ఆమెన్."

బోరు మొదలైంది. బూడిద రంగు దుమ్ము లేచి మనుషుల మీద, పక్కనున్న వేప కొమ్మల మీద పడింది. మూడు వందల అడుగులు. దుమ్మే. నాలుగు వందల ఇరవై దగ్గర దుమ్ము కొంచెం తడిగా వచ్చింది. జోయల్ పరుగెత్తి దాన్ని గుప్పెట్లో పట్టి అందరికీ చూపించాడు.  ఐదు వందలు, ఆరు వందలు. మళ్లీ పొడి దుమ్ము. ఎనిమిది వందల దగ్గర డ్రైవరు యంత్రం ఆపేసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

ఆ చప్పుడు ఆగిపోయింది. జోయల్ రాయి మీద కూర్చుని అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు. లారీ సర్దుకుని వెళ్లిపోయింది. ఐజాక్‌కు అక్కడి నుంచి మాయమైపోవాలనిపించింది. నిజమైన పాస్టరు చేసి ఉంటే పడేదేమో, స్వార్థం మాట ఎత్తకుండా ఉండాల్సిందేమో అని మనసు పీకింది. సంచి భుజాన వేసుకుని, "పోయొస్తానమ్మా" అన్నాడు.

"యాడికి పోతావు? అన్నం తినిపో" అంది తిమ్మక్క.

"నాకెందుకమ్మా? నా ప్రార్థనకు చుక్క నీళ్లు రాలేదు. ఏ మొగం పెట్టుకోని తినేది?"

"నీళ్లు పడలేదని కోసిన కోడి లేసి పోతాదా? కాళ్లు కడుక్కో."

ఐజాక్‌కు నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు. ఆపుకోలేకపోయాడు. దుమ్ము కొట్టుకుపోయిన ఆయన ముఖంలో పళ్లు మాత్రమే తెల్లగా కనబడితే తిమ్మక్కా నవ్వింది. చివరికి జోయల్ కూడా నవ్వాడు. ముగ్గురూ వేపచెట్టు కింద కూర్చుని సంగటి, కోడికూర తిన్నారు.

తింటూ తింటూ ఐజాక్ గట్టు అవతలికి చూశాడు. అక్కడ మూడెకరాల చీనీ తోట పచ్చగా ఉంది. బోరు నీళ్లు మట్టి కాలువలో పారుతున్నాయి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని కదా, ఆయన కళ్లు వాటంతట అవే కొలిచేశాయి. కాలువలో పోయే నీళ్లలో సగం చెట్టు దాకా చేరడం లేదు. ఆ సగం మిగిల్తే జోయల్ చేనులో ఎకరన్నరకు సరిపోతాయి.

"ఆ తోట ఎవరిది?"

"ఎర్రిస్వామన్నది. మేము మాట్లాడము" అన్నాడు జోయల్.

"ఎందుకు?"

జోయల్ అమ్మ వైపు చూశాడు. తిమ్మక్క సంగటి ముద్ద మీదికి తల వంచుకుంది. నాలుగేళ్ల కిందట ఆమె మేక గట్టు దాటి ఎర్రిస్వామి చేనులో అనపకాయ తినేసింది. ఆయన మేకను తిట్టాడు. ఆమె ఆయన్ని తిట్టింది. అంతే, అప్పటి నుంచి ఆ ఇంటివాళ్లు ఈ ఇంటివాళ్లను చూసి ముఖం తిప్పుకుంటున్నారు.

ఐజాక్ చెయ్యి కడుక్కుని, తోట చూసే నెపంతో గట్టు దాటాడు. ఎర్రిస్వామి అరవై దాటిన మనిషి. తువ్వాలు తలకు చుట్టుకుని పొద్దుటి నుంచి అక్కడి నుంచే బోరు వైపు చూస్తున్నాడు. ఐజాక్ నీళ్లడిగితే చెంబుతో ఇచ్చాడు. కాసేపు చెట్ల తెగుళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఉన్నట్టుండి ఎర్రిస్వామి అన్నాడు:

"అబద్ధం చెప్పను సారూ. ఆడ నీళ్లు పడకూడదని మొక్కుకున్నా. నా బోరు ఇప్పుడే రెండు గంటలకు మించి పోయడంలేదు. పక్కన ఇంకోటి పడితే నాది ఎండిపోతాది. ఆ పిల్లోడు రాయి మీద కూర్చునింది చూస్తే మాత్రం నాకు మనసు బాగలేదు."

"నేను పడాలని ప్రార్థన చేసినా, నువ్వు వద్దని మొక్కుకున్నావు. రెండు అర్జీలూ ఒకే పూట పైకి పోయినట్లుండాయి అన్నా" అన్నాడు ఐజాక్.

ఎర్రిస్వామికి నవ్వు రాలేదు. ఐజాక్ నీళ్ల లెక్క చెప్పాడు. తోటకు డ్రిప్పు వేస్తే నీళ్లు మిగులుతాయి. మిగిలినవి జోయల్‌కు ఇస్తే, దానికి బదులుగా జోయల్ తన చేను పల్లపు మూలలో కుంట తవ్వుతాడు. వాన నీళ్లు కుంటలో నిలబడితే ఎర్రిస్వామి బోరుకే ఊట పెరుగుతుంది. ఇద్దరికీ మేలు.

"ఆయమ్మ మేక..." అని మొదలుపెట్టాడు ఎర్రిస్వామి.

ఆ రోజు మాట అక్కడికే ఆగిపోయింది.

తర్వాతి ఆదివారం సంఘంలో అందరూ మామూలుగా ఐజాక్ వైపు తిరిగారు. ఆయన ఫ్యాను వైపు చూడకుండానే లేచాడు. "ఈ వారం నేను ప్రార్థన చేసినా. నీళ్లు రాలేదు" అన్నాడు. ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. "ఎందుకు రాలేదో నాకు తెల్దు. తెలిసినట్లు చెప్పను. వాళ్లు నన్ను కోప్పడలేదు, అన్నం పెట్టినారు. వాళ్ల కోసం మీరూ ప్రార్థన చేయండి." కూర్చున్నాడు. ఆ రోజు పాస్టరుగారి ప్రసంగం కూడా చిన్నదైపోయింది.

ఐజాక్ ఊరుకోలేదు. రెండు నెలల్లో నాలుగుసార్లు ఆ పల్లెకు వెళ్లాడు. నల్లమాడ వైపు అన్ని ప్రయాణాలు ఎందుకని మేనేజరు భరత్‌కుమార్ ఫోనులో అడిగాడు. "కోడికూర బాగుంటాది సార్" అని చెప్పాడు ఈయన. మూడోసారి నేనూ వెంట వెళ్లాను. ఎర్రిస్వామి మాకు కాఫీ ఇచ్చాడు, చీనీకాయలు కోసిచ్చాడు, మాట మాత్రం ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఐజాక్ అన్నాడు, "మనుషులకు బోరు వేసే లారీ ఉంటే బాగుండన్నా. ఎన్ని అడుగుల్లో తడి ఉండాదో తెలిసిపోతాది."

ఆ తడిని కనిపెట్టింది తిమ్మక్క. జూన్‌లో ఒక పొద్దున ఆమె మేకపిల్లను చంకలో పెట్టుకుని, నాలుగేళ్లుగా తొక్కని ఎర్రిస్వామి వాకిట్లోకి నడిచింది. వాకిలి ఊడుస్తున్న ఆయన భార్య రామలక్ష్మమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తిమ్మక్క మేకపిల్లను ఎర్రిస్వామి ముందు దింపి, "దీని తల్లే నీ అనపకాయ తినింది. బిడ్డను నువ్వు పెట్టుకో. ఇంక ఆ మాట ఎత్తద్దు" అంది.

మేకపిల్ల ఎర్రిస్వామి తువ్వాలు అంచు నమలడం మొదలుపెట్టింది. రామలక్ష్మమ్మ ముందు నవ్వింది. "తల్లి బుద్ధే వచ్చిందే దీనికి" అంటూ దాన్ని ఎత్తుకుంది. ఎర్రిస్వామి తువ్వాలు దులుపుకుని, "రామ్మా, కూర్చో. పిల్లోణ్ణి కూడా పిలువు. ఆ పైపులాయనకు ఫోను చెయ్యమను" అన్నాడు.

సర్కారు సబ్సిడీ కింద డ్రిప్పుకు దరఖాస్తు పెట్టారు. దీపావళి తర్వాత పైపులు వచ్చాయి. ఐజాక్ స్వయంగా దగ్గరుండి వేయించాడు. జోయల్ ఆ జూన్‌లోనే పల్లపు మూల కుంట తవ్వి పెట్టుకున్నాడు. ఆ ఏడు కుంటలో మోకాలి లోతు కూడా నిలవలేదు. మరుసటి ఏడు సెప్టెంబరులో వరసగా మూడు రోజులు వానలు పడి అంచుదాకా నిండింది. ఎర్రిస్వామి బోరు రెండు గంటల నుంచి మూడున్నర గంటలకు వచ్చింది. గట్టు మీదుగా వచ్చే పైపుతో జోయల్ ఎకరన్నరలో టమోటా పెట్టాడు. బ్రహ్మాండమైన పంటేమీ కాదు గానీ, ఆ ఏడు కూలికి బెంగళూరు పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. తిమ్మక్కకు కావలసిందీ అదే.

ఒక్క సంగతి మాత్రం ఐజాక్‌ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. చివరికి పైపులు అమ్ముకున్నది తానే కదా. నా స్వార్థాన్ని వడకట్టమని అడిగాను, దేవుడు వడకట్టకుండానే ఇచ్చాడేమిటి అని కృపాకుమారిని అడిగాడు. ఆమె కూరగాయలు తరుగుతూ, "నీకు పనీ ఇచ్చినాడు, నలుగురికి పనికొచ్చే బుద్ధీ ఇచ్చినాడు. రెండూ ఒకే చోట వాడుకున్నందుకు ఏడుస్తావా? ఆ ఎర్రగడ్డలు ఇట్ల ఇయ్" అంది. ఆయన ఇచ్చాడు.

పోయిన ఏడాది కంపెనీ ఐజాక్‌కు పెద్ద పదవి ఇచ్చి అనంతపురం ఆఫీసులో కూర్చోబెట్టింది. చల్లటి గది, తిరిగే కుర్చీ. సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి వచ్చేస్తున్నాడని కృపాకుమారి మొదటి వారం సంబరపడింది. రెండో వారం నుంచి ఆమె వంటింట్లో డబ్బాలు ఏ వరసలో ఉండాలో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆదివారం సంఘంలో లేచి, "ఈ వారం ఏమీ జరగలేదు. స్తోత్రం" అని కూర్చున్నాడు. మరుసటి ఆదివారం కూడా అదే మాట. మూడో ఆదివారం లేవనే లేదు. ఒంట్లో బాగాలేదేమోనని పాస్టరుగారే సాయంత్రం ఇంటికొచ్చి పలకరించారు.

రెండు నెలల తర్వాత ఐజాక్ భరత్‌కుమార్ గదిలోకి వెళ్లాడు. "సార్, నన్ను మళ్లీ బస్సుల్లోకి పంపించండి."

"అందరూ ఆఫీసు కావాలని అడుగుతారు. నీకేమైంది ఐజాక్?"

"ఈడ అందరూ నన్ను సార్ అంటాండారు. ఎవరూ కాళ్లు కడుక్కోమని చెప్పడంలేదు."

భరత్‌కుమార్‌కు అది అర్థమైందో లేదో గానీ, కాగితం మీద సంతకం పెట్టాడు.

కృపాకుమారి కొంచెం అలిగింది, ఆ తర్వాత ప్రయాణానికి కంది పొడి కొట్టింది. సోమవారం పొద్దున నేను పాల ప్యాకెట్టు కోసం వెళ్తే, బస్సు ముందు ఐజాక్ భుజాన పెద్ద పైపు చుట్ట వేసుకుని నిలబడి ఉన్నాడు. కండక్టరు మెట్ల మీద అడ్డంగా నిలబడి, ఆ చుట్ట లోపల పట్టదు, పైకెక్కించమంటున్నాడు. ఐజాక్ మాత్రం ఆ చుట్ట తనకల్లులో ఒక ముసలాయన తోటకనీ, ఎండకు పగిలిపోతుందనీ, కావాలంటే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాననీ చెబుతున్నాడు. వెనక జనం తోస్తున్నారు.

"సరే ఎక్కప్పా, నీతో నాకు పొద్దు పోతాండాది" అన్నాడు కండక్టరు.

ఐజాక్ చుట్టను ముందు లోపలికి పంపి, తానూ ఎక్కాడు.